వినువాని ముఖము

తిరువళ్లూరు వీరరాఘవస్వామి వైద్యవీరరాఘవుడని ప్రసిద్ధుడగుటచేత, అమావాస్యనాడు ఆ కోవెలకు వచ్చు జనములో రోగార్తులును వారి బంధువులును అధికముగా నుందురు. హృత్తాపనాశినీ పుష్కరిణిలో బెల్లము కరగవిడిచి మ్రొక్కు చెల్లించిన పిమ్మట మెట్లమీద కూర్చుండి యొకరి బాధ నొకరితో చెప్పుకొందురు. ఆ సంభాషణములను నేను చాలకాలముగా శ్రద్ధతో గమనించుచున్నాను. చెప్పునామెది తమిళము, వినునామెది తెలుగు. అయినను మోకాటినొప్పిని వర్ణించుచు ఆమె కనుబొమలు ముడిచినంతనే ఈమె కనుబొమలును ముడివడును. కొడుకునకు ఆపరేషను సుఖముగా జరిగినదని చెప్పునపుడు ఇరువురి చెక్కిళ్లును ఒక్కమాఱే విప్పారును. మాటలలో సగమైనను బోధపడెనో లేదో, ముఖమునకు మాత్రము సర్వమును బోధపడినది.

తాడుపై నాట్యమాడువానిని చూచు జనము వాడొరగిన వంకకే తామును ఒరగుచుందురని ఆడమ్ స్మిత్ 1759లో వ్రాసెను. అంతకంటె స్పష్టమైన నిదర్శనము తిరుత్తణి కొండమీద, శిశువులకు పుట్టువెండ్రుకలు తీయించి చెవులు కుట్టించునపుడు కానవచ్చును. మేనమామ యొడిలోని బిడ్డకు సూది తాకకమునుపే తల్లి పెదవి బిగియును. బిడ్డ యేడ్చుటకు నోరు తెఱవగా మేనమామ నోరును కొంచెము తెఱచుకొనును. దారినపోవు యాత్రికుడు సైతము ముఖము చిట్లించును. ఎవరును వారి కది నేర్పలేదు.

ఉప్సాలా విశ్వవిద్యాలయమున ఉల్ఫ్ డింబెర్గ్ 1982లో, చూచువారి ముఖముపై సూక్ష్మమైన విద్యుత్సాధనముల నమర్చి, నవ్వుముఖపు చిత్రమునకు చెక్కిలి కండరమును, కోపముఖపు చిత్రమునకు కనుబొమల కండరమును స్పందించుట కొలిచి చూపెను. 2000లో ఆయనయు సహచరులును, ఆ ముఖము కనబడినదన్న యెఱుకయే కలుగనంత స్వల్పకాలము, అనగా సెకనులో వేయింట ముప్పదివంతులు, చూపినను ఆ స్పందనము కలుగుచున్నదని నిరూపించిరి. భరతముని నాట్యశాస్త్రమున కనుబొమలకు 7, చెక్కిళ్లకు 6 భంగిమలు చెప్పి నటుడు వాని నభ్యసింపవలెనని విధించెను. వినువానికి అట్టి యభ్యాసముతో పనిలేదు, ఎదుటి ముఖము చూచిన చాలును.

చూచుటయే నేడు కఱవైనది. మా యమ్మ వ్యాధిగ్రస్తయై యుండగా ఒక వైద్యుని యొద్దకు గొనిపోతిమి. ఆయన సమర్థుడు, అడుగవలసిన ప్రశ్నలన్నియు నడిగెను, కాని యామె చెప్పుచున్నంతసేపును కంప్యూటరు తెరనుండి కన్నెత్తలేదు. రాత్రులందు ఊపిరాడక లేచి కూర్చుండుటను గూర్చి చెప్పనారంభించిన యామె, వాక్యము ముగింపకయే, “అంతే నాయనా” యని మానుకొనెను. ఆ చెప్పని భాగమే రోగమునకు మూలమని పిమ్మట తెలిసినది. ఊకొట్టుట వినుట కాదు. తన బాధ ఎదుటివాని కనుబొమపై కదలుట చూచినగాని చెప్పువాడు మున్ముందుకు చెప్పలేడు.

ఆత్మీయుల ముఖమును మన మెక్కువగాను, పరాయివారనుకొన్నవారి ముఖమును తక్కువగాను అనుకరింతుమని పరిశోధకులు చెప్పుదురు. ఈ మాట విన్నప్పుడు నాకు తిరుత్తణియే స్ఫురించును. 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మాఱెను. దానికి ముందు ఎన్ని వాదములు, ఎన్ని వినతిపత్రములు! సరిహద్దు కదలినను అంగడివీథిలో తెలుగు తమిళము లొక్క బేరములోనే కలసి నడచుచున్నవి, బేరమాడు ఇరువురి ముఖములు నొకదాని నొకటి యనుసరించుచునే యున్నవి. వారు పరాయివారు కారనుటకు నాకు వేఱు ప్రమాణ మక్కఱలేదు.

వినుటయే వృత్తిగా గల వైద్యులను, ఉపాధ్యాయులను, కచేరీల కిటికీల వెనుక కూర్చుండు ఉద్యోగులను నేను వేడుకొనునది యొక్కటే: మీ యెదుటివారు మాటాడుచున్న ఆ రెండు నిమిషములును తెరను, కాగితమును విడిచి వారి ముఖము చూడుడు; వ్రాసికొనునది తరువాత వ్రాసికొనవచ్చును.