పద్మిని, మారుతి 800: ఆగిన బండి ఏం చెబుతుంది?

ముంబై కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మినినీ, 2000లో ఎంపీఎఫ్ఐ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) ఇంజన్‌తో వచ్చిన మారుతి 800నూ పోల్చేవాళ్లు ఎక్కువగా మైలేజీ గురించో, సీట్ల గురించో మాట్లాడి ఊరుకుంటారు. దారిలో ఆగిపోయినప్పుడు ఏ బండి తన జబ్బు ఎలా బయటపెడుతుందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత కారు నడిపేవాళ్లకు అన్నిటికన్నా అక్కరకొచ్చే పోలిక అదే.

పద్మిని 1089 సీసీ ఇంజన్‌లో పెట్రోలుదో దారి, కరెంటుదో దారి. ఇంజన్ తిరిగితే చాలు, క్యామ్ షాఫ్ట్ పెట్రోలు పంపును (మెకానిక్‌ల భాషలో ఏసీ పంపు) ఆడిస్తుంది. పంపు ట్యాంకులోంచి పెట్రోలు లాగి కార్బురేటర్‌కు పంపుతుంది. ఆ దారిలో ఒక్క వైరు కూడా లేదు. స్పార్కు పని కాయిల్, పాయింట్లు, కండెన్సర్, డెల్కో (డిస్ట్రిబ్యూటర్)లది. ఒక దారి మూసుకుపోయినా రెండోది తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే బానెట్ ఎత్తగానే మెకానిక్ "కరెంటా, పెట్రోలా?" అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో సగం ఇంజన్‌ను వెతికే పని తప్పేది.

మారుతి ఎంపీఎఫ్ఐలో ఆ రెండు దారులూ ఒకే గేటు దాటి రావాలి. పంపు ట్యాంకులోనే ఉంటుంది, కరెంటుతో నడుస్తుంది. ఇంజెక్టర్లు ఎప్పుడు తెరుచుకోవాలో, స్పార్కు ఎప్పుడు పడాలో కంప్యూటరే చెబుతుంది. మెయిన్ రిలే పోయినా, ఎర్త్ వదులైనా, ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు తెలిపే సెన్సర్ మూగబోయినా స్పార్కూ పెట్రోలూ రెండూ కలిసి ఆగిపోతాయి. బ్యాటరీ నీరసించిన పద్మినిని నలుగురు తోస్తే అందుకునేది. బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఎంపీఎఫ్ఐ బండిని ఎంత దూరం తోసినా లాభం లేదు.

ఇక్కడ చాలామంది పద్మినికి ఓటేస్తారు. నేను వెయ్యను. కంటికి కనబడే యంత్రం కూడా మోసం చేస్తుంది. మే నెల ఎండలో గంటసేపు నడిచిన పద్మిని సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. డ్రైవరు ఏసీ పంపు మీద తడిగుడ్డ కప్పుతాడు, పావుగంటకు బండి స్టార్టవుతుంది. పైపులో పెట్రోలు ఆవిరైపోయి పంపు లాగలేకపోయిందని, అంటే వేపర్ లాక్ అని తేల్చేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ వేడెక్కితే పనిచేయని కండెన్సరూ, లోపల చుట్టు దెబ్బతిన్న కాయిలూ అచ్చం ఇలాగే ప్రవర్తిస్తాయి. చల్లబడగానే అవీ బతుకుతాయి. తడిగుడ్డ వల్ల బాగైందా, పావుగంట ఆగడం వల్ల బాగైందా? ఆ తేడా తెలియక ఎన్నో మంచి పంపులు మూలనపడ్డాయి.

తేల్చుకోవాల్సింది బండి ఆగిన ఆ నిమిషంలోనే. కాయిల్ నుంచి డెల్కోకి వచ్చే వైరును డెల్కో చివర ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న పటకారుతో ఇంజన్ లోహానికి దగ్గరగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించాలి. పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం ఈ పని చేయకూడదు. నీలిరంగు స్పార్కు గట్టిగా పడితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ల మీద అనుమానం తీసేసి పెట్రోలు దారి పట్టాలి. పసుపురంగులో పేలవంగా పడితే పాయింట్లు, కండెన్సర్, కాయిల్ చూడాలి. ట్యాంకు మూత తియ్యగానే గాలి బుస్సుమని లోపలికి పోయి, ఆ తర్వాత బండి బాగా నడిచిందంటే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయిందన్నమాట. అది పైసా ఖర్చులేని రిపేరు.

మారుతి విషయంలో మొదట చెవి ఒగ్గాలి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు రెండు సెకన్లపాటు పంపు సన్నగా రొద చేయాలి. ఆ రొద లేదంటే పంపు పోయిందని కాదు. ఫ్యూజు, రిలే, కనెక్టర్, ఎర్త్ చూశాకే పంపు వంతు. ఇందులో చాలామంది బోల్తాపడేది మీటరు దగ్గర. చిలుము పట్టి ఒకటి రెండు పోగులు మాత్రమే మిగిలిన వైరు కూడా లోడు లేనప్పుడు మీటరులో 12 వోల్టులు చూపిస్తుంది. పంపు కరెంటు లాగబోయేసరికి ఆ వోల్టేజీ పడిపోతుంది. అదే వైరుకు ఎక్కువ కరెంటు లాగే బల్బున్న టెస్ట్ ల్యాంపు పెడితే అది మసకగా వెలిగి నిజం చెప్పేస్తుంది. కంప్యూటర్‌కు వెళ్లే సన్నవైర్ల మీద మాత్రం బల్బు వాడొద్దు, అక్కడ మీటరే సరైనది. స్కానర్ చెప్పే కోడ్ కూడా ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుందంతే, ఏ పార్టు చెడిందో చెప్పదు. సెన్సర్ కోడ్ వచ్చిందని సెన్సర్ మార్చి, ఊడిన కనెక్టర్‌ను అలాగే వదిలేయడం నన్ను నిజంగా బాధపెట్టే అలవాటు. పార్టుకు పెట్టిన డబ్బు దండగ, జబ్బు ఎక్కడిదక్కడే.

పాత బండి ఆగడానికి ఇంకో కారణం కూడా తోడైంది: ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దాని దెబ్బ పద్మినికే ఎక్కువ. పాత రబ్బరు డయాఫ్రమ్‌లు, పైపులు ఉబ్బి మెత్తబడతాయి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి ఇనప ట్యాంకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు వచ్చి కార్బురేటర్ జెట్లలో ఇరుక్కుంటుంది.

నా లెక్కలో మారుతే మెరుగు. పద్మిని జబ్బును చేతులతో వెతకొచ్చు, కానీ అది తరచూ జబ్బుపడుతుంది. మారుతి అరుదుగా ఆగుతుంది. ఆగినప్పుడు ఓ టెస్ట్ ల్యాంపు, ఓ మీటరు, వాటిని వరసగా వాడే ఓపిక ఉంటే చాలు. ఈసారి షెడ్డులో పంపు పోయిందనో, కాయిల్ పోయిందనో అంటే, కొత్తది కొనేముందు పాతది పోయినట్టు పరీక్ష చేసి చూపించమని అడగండి.