ఒక్క తారీఖు కింద ఇంతమందా?

దినపత్రికలో రాశిఫలాల పక్కనో, పదవినోదం కిందో ఒక చిన్న బాక్సు ఉంటుంది. ‘చరిత్రలో ఈ రోజు’ అని దాని పేరు. ఇప్పుడది సెల్‌ఫోన్లోకి కూడా వచ్చేసి పొద్దున్నే శుభోదయాల మధ్య నుంచి పలకరిస్తోంది గానీ స్వరూపం మాత్రం పాతదే. ఫలానా సంవత్సరంలో ఫలానావారి జననం, ఫలానా సినిమా విడుదల, ఫలానా నాయకుడి హత్య. కథల్నీ నవలల్నీ ఉతికి ఆరేసే విమర్శకులకి ఇది కంటికి ఆనదు కాబోలు. నా లెక్కలో మాత్రం మన ఇళ్ళల్లో రోజూ ఎవరో ఒకరు చదివే చరిత్ర పుస్తకం ఏదైనా ఉంటే అది ఇదే. రోజుకి పది లైన్ల చొప్పున, ఏడాదికి ఒక గ్రంథం. అందుకని ఇదీ విమర్శకి నిలబడాల్సిందే.

ఒక తారీఖు తీసుకుని చూద్దాం. ఏదో ఎందుకు, అందరికీ తెలిసిన ఆగస్టు 15.

1769లో నెపోలియన్ పుట్టాడు. 1872లో అరవిందులు పుట్టారు. 1914లో పనామా కాలువ తెరిచారు. 1945లో జపాన్ చక్రవర్తి లొంగుబాటు ప్రకటన రేడియోలో వినిపించింది. 1947 సరే, చెప్పనక్కర్లేదు. 1965లో బీటిల్స్ న్యూయార్కులోని షే స్టేడియంలో పాడారు, యాభై వేలమందికి పైగా వచ్చారు, అరుపుల్లో పాట ఎవరికీ వినపడలేదు. 1969లో అదే న్యూయార్కు రాష్ట్రంలో ఒక పాడిరైతు పొలంలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం మొదలైంది, అదే రోజు మన దేశంలో ఇస్రో పుట్టింది. 1975లో ‘షోలే’ విడుదల. 1975లోనే ఢాకాలో ముజిబుర్ రహమాన్ హత్య. 1982లో మన దూరదర్శన్‌కి రంగులొచ్చాయి.

చదవడానికి సరదాగానే ఉంటుంది. సంతకెళ్ళి వచ్చిన సంచీలో వంకాయల మీద సబ్బుబిళ్ళ, దానిమీద ఆవాల పొట్లం ఉన్నట్టు ఉంటుంది. కానీ ఇంటికొచ్చాక మనం ఏం చేస్తాం? దేన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెడతాం. ఈ బాక్సు రాసేవారు ఆ పని చెయ్యరు. సంచీ అలాగే మన ఒళ్ళో కుమ్మరించి వెళ్ళిపోతారు. నా మొదటి ఫిర్యాదు అదే.

ఎందుకంటే ఒకే తారీఖున పడ్డవన్నీ కాకతాళీయంగా పడ్డవి కావు. కొన్ని తమంత తాము వచ్చి పడతాయి, కొన్నిటిని ఎవరో ముహూర్తం చూసి పెడతారు. 1947లో ఆ తేదీని ఎంచుకున్నది మౌంట్‌బాటెన్. జపాన్ లొంగుబాటుకి అది రెండో సాంవత్సరికమని, ఆగ్నేయాసియాలో ఆ యుద్ధం నడిపిన సేనానిగా ఆ రోజు తన మనసుకి దగ్గరదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అంటే 1945కీ 1947కీ మధ్య ఉన్నది పంచాంగం కాదు, ఒక మనిషి అభిరుచి. మన జ్యోతిష్కులేమో ఆ రోజు మంచిది కాదన్నారనీ, అందుకే రాజ్యాంగసభని 14 రాత్రి పొద్దుపోయాక సమావేశపరిచి అర్ధరాత్రి దాకా నడిపారనీ చెప్తారు. పెళ్ళిళ్ళలో మనకి తెలియని సర్దుబాటా ఇది! ముహూర్తం మార్చలేకపోతే పీటల మీద ముందే కూర్చోబెట్టేస్తాం.

అరవిందులవారి సంగతి వేరు. ఆయన పుట్టినరోజు ఎవరూ ఎంచి పెట్టింది కాదు కదా. అయినా స్వాతంత్ర్యం తన పుట్టినరోజునే రావడాన్ని ఆయన ఉత్త కాకతాళీయంగా తీసుకోలేదు. తిరుచిరాపల్లి ఆకాశవాణి కోసం రాసిన సందేశంలో ఆ మాటే చెప్పారు. ఒక యోగి అలా అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. పత్రికలో బాక్సు రాసేవారు మాత్రం ఆ రెండు లైన్లనీ పక్కపక్కన పెట్టి, అర్థం మీరే ఊహించుకోండన్నట్టు ఊరుకుంటారు. అది యోగమూ కాదు, చరిత్రా కాదు.

ఇక 1947 తర్వాత మన దేశంలో ఆ తేదీ కింద చేరినవాటిలో సగం కావాలని చేర్చినవే. ప్రభుత్వం వారు కొత్త పని దేనికైనా శ్రీకారం చుట్టాలంటే ఆ రోజే చుడతారు. వాటిలో నాకు ఎంతో ఇష్టమైనది, ఈ బాక్సుల్లో ఎప్పుడోగాని కనపడనిది ఒకటుంది. పిన్‌కోడు. 1972 ఆగస్టు 15న వచ్చింది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే తపాలా శాఖ ఉన్నతాధికారి దాన్ని రూపొందించారు. ఆయన సంస్కృత కవి కూడానట! ఆరంకెల ఛందస్సు. మొదటి అంకె 5 అయితే అది మన రెండు తెలుగు రాష్ట్రాలదో, కర్ణాటకదో. ఎన్ని వేలమంది ఆడవాళ్ళు కథ రాసి, తిరుగు టపాకి స్టాంపులు జతచేసి, ఈ ఆరంకెలూ జాగ్రత్తగా వేసి పత్రికలకి పంపుకున్నారో! నెపోలియన్ పుట్టకపోయినా మనకి గడిచిపోయేది. పిన్‌కోడు లేకపోతే ఎన్ని కథలు దారి తప్పేవో.

సినిమావాళ్ళు కూడా అంతే. సెలవురోజు, హాలు నిండుతుంది. ‘షోలే’ ఆ రోజున రావడంలో వింత ఏమీ లేదు. కానీ 1975 దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఇక్కడ రెండు లైన్లు నిజంగానే తమంత తాము వచ్చి పక్కపక్కన పడ్డాయి. తెల్లవారుజామున ఢాకాలో తుపాకులు పేలాయి, అదే రోజు బొంబాయిలో గబ్బర్‌సింగ్ తుపాకీ తెరమీద పేలింది. బాక్సులో ఒకటి ‘విడుదల’, రెండోది ‘హత్య’. ఒక్కొక్కటీ ఒక్కొక్క లైను.

నేను పుట్టకముందు సినిమా అది. అయినా దాని మాటలు వినకుండా పెరిగినవాళ్ళెవరు? పాటలతోపాటు మాటల రికార్డులు కూడా అమ్ముడుపోయాయంటే చూడండి. బొంబాయి మినర్వా హాల్లో అయిదేళ్ళు ఆడింది. మొదటి రోజుల్లో మాత్రం వ్యాపారస్థులు పెదవి విరిచారు. ఆ ఏడాది ఫిలింఫేర్ బహుమతుల్లో దీనికి దక్కింది ఒక్కటే, అదీ ఎడిటింగుకి. ఇవన్నీ తెలిసిన కబుర్లే. అసలు సంగతి, ఆ రోజు ప్రేక్షకులు చూసిన ముగింపు తీసినవాళ్ళు మొదట అనుకున్న ముగింపు కాదు. మొదట తీసిన దాంట్లో ఠాకూర్ మేకుల చెప్పులతో గబ్బర్‌ని తొక్కి చంపేస్తాడు. అవి ఎమర్జెన్సీ రోజులు. పోలీసు ఉద్యోగం చేసిన మనిషి చట్టాన్ని తన చేతిలోకి తీసుకోవడమేమిటని సెన్సారువారు అడ్డుపడ్డారు. (ఠాకూర్‌కి చేతులు లేవన్న సంగతి వాళ్ళకి తట్టలేదేమో!) చివరి నిమిషంలో పోలీసులు వచ్చి ఆపినట్టు మళ్ళీ తీశారు. పాత ముగింపుతో బాగుచేసిన ప్రతిని 2025 జూన్‌లో ఇటలీలోని బొలోన్యా చిత్రోత్సవంలో వేశారు. అంటే యాభై ఏళ్ళు పట్టింది. మరి బాక్సులో ‘షోలే విడుదల’ అని రాస్తే ఏది విడుదలైనట్టు?

ఇంకో ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. ఆ సినిమాలో రాధ అని ఒక పిల్ల ఉంది, జయాభాదురి వేసింది. తెల్లచీర కట్టుకుని సాయంత్రం పూట ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ పోతుంటే అవతల జయ్ మౌతార్గాన్ వాయిస్తూ ఉంటాడు. మాటల్లేని ఆ దృశ్యాలు ఆ సినిమాలోని తుపాకీ మోతలన్నిటికంటే నాకు గట్టిగా వినపడతాయి. మామగారే వెళ్ళి ఆమె పునర్వివాహానికి ఆమె తండ్రిని ఒప్పిస్తాడు. హమ్మయ్య అనుకుంటాం. వెంటనే రచయితలు ఆ కుర్రవాణ్ణి చంపేస్తారు! ఆమె మళ్ళీ కిటికీ తలుపు మూసుకోవలసిందే. రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. తొంభై ఏళ్ళు దాటినా హిందీ సినిమా ఆ పెళ్ళిని మాటల దాకానే రానిచ్చింది, పీటల దాకా రానివ్వలేదు. అన్నట్టు డిసెంబరు 11 బాక్సు చూడండి. దిలీప్‌కుమార్ పుట్టినరోజు తప్పకుండా ఉంటుంది. రాజమండ్రి పెళ్ళికూతురు ఉంటే మీ అదృష్టం.

ఇప్పుడు ఢాకా లైను. ‘బంగ్లాదేశ్ నేత ముజిబుర్ రహమాన్ హత్య.’ తప్పేమీ లేదు, నిజమే. కానీ ధాన్‌మండిలోని 32వ నంబరు ఇంట్లో ఆ తెల్లవారుజామున చనిపోయింది ఆయన ఒక్కరే కాదు. భార్య ఫజిలతున్నీసా, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. చిన్న కొడుకు రస్సెల్‌కి పదేళ్ళు. కోడళ్ళిద్దరికీ పెళ్ళయి దాదాపు నెల. పెద్దకోడలు సుల్తానా పేరున్న క్రీడాకారిణి. మూడుముళ్ళు పడ్డ నెలకే ఎవరింట్లోనైనా ఇలా జరిగితే ఆ వీధి వీధంతా తరతరాలు చెప్పుకుంటుంది. చరిత్ర మాత్రం ఒక పేరు రాసుకుని తక్కినవాళ్ళని ఆ పేరులోనే సర్దేసింది. ఇద్దరు కూతుళ్ళు హసీనా, రెహానా ఆ సమయానికి యూరప్‌లో ఉండబట్టి బతికారు. పెద్దకూతురు తర్వాత ప్రధానమంత్రి అయింది.

ఆ మీదట ఆ తారీఖు పడ్డ పాట్లు వింటే మన ఇళ్ళల్లో తోడికోడళ్ళ పంతాలు ఏపాటి అనిపిస్తుంది. 1996లో హసీనా అధికారంలోకి వచ్చాక ఆగస్టు 15ని జాతీయ సంతాపదినంగా, సెలవుగా ప్రకటించారు. ఆమెకి బద్ధ ప్రత్యర్థి ఖలీదా జియా. ఆవిడ అభిమానులు సరిగ్గా ఆ రోజే ఆవిడ పుట్టినరోజు కేకు కోసేవారు. అది అసలు పుట్టినరోజే కాదని, కావాలని పెట్టుకున్నారని అవతలి పక్షం గొడవ. ఆ తగువు కోర్టు దాకా వెళ్ళింది. ఖలీదా ప్రభుత్వం సెలవు తీసేసింది, తర్వాత అది మళ్ళీ వచ్చింది, 2024 ఆగస్టులో హసీనా పదవి పోయి మన దేశానికి వచ్చేశాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం మళ్ళీ తీసేసింది. 2025 ఫిబ్రవరిలో జనం ఆ 32వ నంబరు ఇంటినే కూల్చేశారు. ఒక ఇంట్లో తద్దినం, ఇంకో ఇంట్లో కేకు. ఒక్క తారీఖు కోసం ఒక దేశం ఇంత కొట్టుకుంటోంటే, మన బాక్సు ఆ లైనుని నిరుటిలాగే దించి, కింద ‘దూరదర్శన్‌లో రంగుల ప్రసారాలు’ అని రాసి ఊరుకుంటుంది.

అలాగని సినిమాలూ టి.వీలూ ఈ బాక్సులోంచి తీసెయ్యమంటారా అని అడిగితే, వద్దంటాను. కొందరు పెద్దమనుషులకి ఈ చిరాకు ఉంది. స్వాతంత్ర్యం పక్కన సినిమా ఏమిటి, అపచారం అంటారు. నాకలా అనిపించదు. ఢాకా సంగతి నేను వెతుక్కుని చదివింది ‘షోలే’ పక్కన ఉండబట్టే. 1982 కూడా అంతే. ఆ రోజు ఎర్రకోట మీద జెండాని రంగుల్లో చూసినవాళ్ళు దేశంలో కొద్దిమందే ఉండి ఉంటారు, కలర్ టి.వి. ఉన్న ఇళ్ళెన్ని అప్పటికి? అయినా ‘మా ఇంటికి కలర్ టి.వి. ఎప్పుడొచ్చింది’ అన్న లెక్క ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పెద్దపిల్ల పెళ్ళికి ముందా తర్వాతా అని చెప్పుకుంటాం. వినోదం లైను తలుపు గొళ్ళెంలాంటిది. చెయ్యి అందేది దానికే. గొళ్ళెం తీశాక లోపల ఏమీ పెట్టకపోవడమే ఈ బాక్సు చేస్తున్న తప్పు.

ఆఖరికి 1947 లైను కూడా పూర్తిగా లేదు. ఆ అర్ధరాత్రి అనగానే నెహ్రూగారి ఉపన్యాసమొక్కటే చెప్తారు. ఆ సభ ‘వందేమాతరం’తో మొదలైంది, పాడింది సుచేతా కృపలానీ. ఉపన్యాసాలూ ప్రమాణాలూ అయ్యాక భారత స్త్రీలందరి తరఫునా సభకి జాతీయ పతాకాన్ని బహూకరించింది హంసా మెహతా. ఇన్నేళ్ళ బాక్సుల్లో ఈ ఇద్దరి పేర్లూ నాకు తగల్లేదు. అలాగే నైజాం ఇలాకాలో ఉన్నవాళ్ళకి ఆ రోజు ఇంకా స్వాతంత్ర్యం కాదు. వాళ్ళకది 1948 సెప్టెంబరులో తెల్లవారింది. పంజాబు, బెంగాలు సరిహద్దుల్లో గీత ఎక్కడ గీశారో ప్రకటించింది 17న. తమ ఊరు ఏ దేశంలో ఉందో తెలియకుండానే ఎంతమందో ఆ పదిహేనో తారీఖుని గడిపారు.

ఇంకొకటి. ‘1947 ఆగస్టు 15న ఎర్రకోటపై నెహ్రూ పతాకావిష్కరణ’ అని ఏటా చూస్తూనే ఉంటాం. 15న జెండా ఎగిరింది ఇండియా గేటు దగ్గర. ఎర్రకోట మీద ఆయన మొదటిసారి ఎగరేసింది మర్నాడు, 16న. దాన్ని పదహారో తారీఖు బాక్సులోకి మార్చండని చెప్పాలని ఉంటుంది నాకు. కానీ అక్కడ చోటుండాలి కదా. 1977లో ఎల్విస్ ప్రెస్లీ పోయింది ఆ రోజే, ఆయన లైను ఏటా తప్పకుండా వస్తుంది.