కొవ్వు కన్నా ముందు కొలత

విశాఖ ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కి తయారవుతున్న పిల్లల్ని 1857 తిరుగుబాటుకు తక్షణ కారణం ఏమిటని నిద్రలో లేపి అడిగినా చెబుతారు: ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు. జవాబు సరైనదే, మార్కులూ పడతాయి. అసలు తూటాకి కొవ్వు పూయాల్సిన అగత్యం ఎందుకొచ్చిందని మాత్రం పరీక్షలో ఎవరూ అడగరు. ఆ ప్రశ్న పట్టుకుని కాస్త దూరం వెళ్తే, అమెరికాలో ఇళ్ల దగ్గర సీసం తూటాలు పోసుకునేవాళ్ల మధ్య ఇప్పటికీ తెగని వాదం ఒకటి ఎదురవుతుంది. తూటా గొట్టంలోంచి శుభ్రంగా వెళ్లడానికి ముఖ్యం దానికి పూసిన కందెనా, దాని వ్యాసమా? వ్యాసమే అంటాను నేను. కందెన తర్వాతి మాట. అయినా పేరంతా కందెనకే వచ్చింది, చరిత్రలోనూ గ్యారేజీల్లోనూ.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళం. అందులో వేసే ప్రిచెట్ తూటా 0.568. మూతి వైపు నుంచి కూరాల్సిన తుపాకీ కాబట్టి తూటా గొట్టం కన్నా సన్నగా ఉండక తప్పదు. మందు పేలినప్పుడు ఆ ఒత్తిడికి మెత్తని సీసం ఉబ్బి గొట్టంలోని మరల్ని పట్టుకోవాలి. ఈలోగా మిగిలిన సందును పూడ్చేవి తూటాకి చుట్టిన కాగితమూ, ఆ కాగితానికి అద్దిన కొవ్వూ మైనమూ. మందు కాలి పేరుకునే మసిని మెత్తబరచడం కూడా ఆ జిడ్డు పనే. 1857 జనవరి 27న ప్రభుత్వ సైనిక కార్యదర్శి కల్నల్ బర్చ్ ఉత్తర్వు వచ్చింది: తూటాలు కొవ్వు లేకుండానే ఇవ్వండి, సిపాయిలు తమకు ఇష్టమైంది పూసుకోవచ్చు. అప్పటికే నమ్మకం విరిగిపోయింది, ఉత్తర్వుతో అతుక్కోలేదు. ఆ కథకు తూకం తగ్గించడం నా ఉద్దేశం కాదు. సాంకేతికంగా చూస్తే మాత్రం ఆ ఉత్తర్వు ఒక సంగతి ఒప్పేసుకుంది: జిడ్డు ఏదైనా పని జరుగుతుంది. వ్యాసం మీకిష్టమైంది పెట్టుకోండి అని ఏ కల్నలూ అనలేడు. ఆ తర్వాత మన ఎండలకి కొవ్వు చెడి, మసి పట్టిన గొట్టంలో తూటా దిగక సైనికులు అవస్థ పడ్డారు. 1859 కల్లా తూటా వ్యాసాన్ని 0.55కి తగ్గించారు. కొవ్వు పాలు తగ్గించి తేనెమైనం పాలు పెంచిన మాటా నిజమే. రెండూ మార్చినప్పుడు ఘనత ఒకదానికే ఎలా ఇస్తారని అడగొచ్చు. మైనం ఎండకి విరుగుడు. తూటా దిగడానికి చోటిచ్చింది వ్యాసం.

ఇప్పటి తుపాకుల్లో లెక్క తిరగబడింది. తూటా వెనక నుంచి వస్తుంది కనుక గొట్టం గాడి వ్యాసం కన్నా ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, ఎక్కువే ఉండాలంటారు చేయి తిరిగినవాళ్లు. 0.308 గొట్టానికి 0.309, 0.357 రివాల్వర్‌కి 0.358. అచ్చులోంచి కొంచెం లావుగా పడిన తూటాను కచ్చితమైన కొలత రంధ్రం ఉన్న డైలోంచి నొక్కి తీసి ఆ కొలతకి తెస్తారు. అదే పట్టులో దాని ఒంటి మీది గాళ్లలో మైనం నింపే యంత్రాలూ ఉన్నాయి. బహుశా అందుకే రెండు పనులూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. తూటా సన్నగా ఉంటే కాలిన మందు వాయువు పక్క సందులోంచి దూసుకుపోతుంది. సీసం 327 డిగ్రీలకే కరిగే లోహం. ఆ వాయువు అంతకు ఎన్నో రెట్లు వేడి. అది తూటా అంచును కోసుకుంటూ పోయి ఆ సీసాన్ని గొట్టం గోడలకి పులుముతుంది.

గొట్టానికి సీసం పట్టగానే కొత్తవాడు చేసే మొదటి పని కందెన మార్చడం. తేనెమైనం, ఆలాక్స్ అనే కందెన సమపాళ్లలో కలిపిన పాత మిశ్రమం పోయి ఇంకేదో వస్తుంది. సీసం పడుతూనే ఉంటుంది. రెండో పని తూటాను గట్టిపరచడం. పత్రికలవాళ్లకి చుట్టమైన లైనోటైప్ లోహం ఇక్కడ కనిపిస్తుంది: 84 పాళ్లు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. అచ్చాఫీసులు మూతపడుతుంటే అమెరికాలో తూటాలు పోసేవాళ్లు ఆ దిమ్మల్ని ఎగబడి కొనుక్కున్నారు. అక్షరం అంచు వాడిగా పడేలా చేసే గుణమే తూటా అంచుకీ పనికొస్తుంది. అయితే అంత గట్టి తూటా ఒత్తిడి తక్కువ ఉండే రివాల్వర్‌లో ఉబ్బదు. మెత్తని సీసమైతే ఒకటీ అరా థౌ తక్కువైనా తనే ఉబ్బి సర్దుకునేది. గట్టిపరిచాక ఆ సర్దుబాటూ పోయి, సందు అలాగే మిగులుతుంది. కందెన మార్చినా గట్టిదనం మార్చినా తగ్గని జబ్బు వ్యాసం సరిచేస్తే తగ్గుతోందంటే మూలం ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

ఉక్కునగరంలో ఈ మాట అంటే ఎదురు ప్రశ్న రావాలి. స్టీల్‌ప్లాంట్ వైర్ రాడ్ మిల్లు కడ్డీ లాంటిదాన్ని తీగగా లాగేచోట కందెనే ప్రాణం కదా? నిజమే. కడ్డీకి సున్నమో బోరాక్సో ఫాస్ఫేటో పూతపెట్టి, డై ముందున్న పెట్టెలో సబ్బుపొడి నింపి అందులోంచి లాగుతారు. పొడి చాలకపోతే తీగ గీసుకుపోతుంది, డై పాడవుతుంది. కానీ అక్కడ ఒక్కో డైలో తీగ అడ్డుకోత దాదాపు ఐదో వంతు తరుగుతుంది. లోహం రూపు మార్చడమే ఆ పని. తూటా తన డైలో తగ్గేది రెండు మూడు థౌలు, దానికి లేశమంత జిడ్డు చాలు. ఇక గొట్టంలో దాని మొదటి పని సందు లేకుండా మూయడం. అలాగని కందెన దండగ అనను. సీసం ఎక్కడ పట్టిందో చూస్తే ఎవరి తప్పో చాలావరకు తేలుతుంది. తూటా బయల్దేరే చోట పడితే వ్యాసాన్ని అనుమానించాలి. పొడవాటి రైఫిల్ మూతి దగ్గర పడితే దారిలో మైనం అయిపోయిందనుకోవాలి. పౌడర్ కోటింగ్ వచ్చాక మైనమే అక్కర్లేదు, ఈ వాదం పాతబడిందనేవాళ్లూ ఉన్నారు. ఆ పూతకీ మందం ఉంటుంది కనుక వాళ్లూ పూత పూసి, పొయ్యిలో కాల్చి, తిరిగి డై దగ్గరికే వస్తారు.

లైసెన్సు లేకుండా తూటా తయారీ 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద కుదరని దేశంలో ఇదంతా ఎందుకన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. చేయమని చెప్పడం లేదు. చట్టం అలా ఉండటమూ నాకు సబబే. అయినా తూటా, తుపాకీ ఒకదానికొకటి సరిపోవడమన్న సంగతి మన జిల్లా చరిత్రకి పరాయిది కాదు. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి 26 తుపాకుల్ని, వాటితోపాటే వాటి తూటాల్నీ పట్టుకెళ్లాడు. తుపాకీ ఒక కొలత, తూటా ఇంకో కొలత అయితే మన్యంలో రెండూ బరువే.

వ్యాసం పక్షం వాళ్లలోనూ ఒక అశ్రద్ధ ఉంది. డై మీద 0.358 అని చెక్కి ఉంటే తూటా 0.358 అయిపోయిందనుకుంటారు. ఆంటిమొనీ ఎక్కువున్న గట్టి మిశ్రమం డైలోంచి బయటపడ్డాక రవ్వంత వెనక్కి సాగుతుంది. అదే డైలో మెత్తని సీసం ఇంకొంచెం సన్నగా దిగుతుంది. మైక్రోమీటర్ పెట్టాల్సింది బయటికొచ్చిన తూటాకి. పక్కన రాసుకోవాల్సింది గొట్టంలోంచి మెత్తని సీసపు ముక్కను నెట్టి తీసుకున్న కొలత. ఈ రెండు అంకెలూ కాగితం మీద లేకుండా ఏ మైనం గొప్పదో చర్చించడం మొదలుపెడితే, ఆ చర్చ ఎన్నాళ్లయినా సాగుతుంది.