లిబాసా? వేషమా?

ఉర్దూలో లిబాస్ వేరు, భేస్ వేరు. లిబాస్ తొడుక్కునేది, భేస్ మార్చుకునేది. తెలుగులోనూ బట్టకీ వేషానికీ తేడా ఉంది. విక్టోరియా రాణి కాలంలో పిల్లలకు వేషాలేసి తీసిన ఫోటోలను మేం ఈ తేడాతోనే చూస్తాం. వాటి వెలుగునీడల గురించి కళావిమర్శకులు ఇప్పటికే చాలా చెప్పారు.

రెండు ఫోటోలు తీసుకుందాం. రెండూ ఇంగ్లండు దక్షిణాన ఉన్న వైట్ దీవిలో తీసినవే.

మొదటిది 1854 సెప్టెంబరులో ఆస్‌బోర్న్ రాజభవనంలో ఎర్నెస్ట్ బెకర్ తీసింది. రాణిగారి కొడుకులు పదేళ్ల ఆల్‌ఫ్రెడ్, నాలుగేళ్ల ఆర్థర్ సిక్కు రాజకుమారుల వేషంలో కనిపిస్తారు. ముద్దుగానే ఉంటారు, కాదనం. కానీ అంతకు అయిదేళ్ల కిందట, 1849లో, కంపెనీ పంజాబును మింగింది. పదేళ్ల దులీప్ సింగ్ చేత రాజ్యం మీదా కోహినూరు మీదా హక్కు వదులుకునే కాగితం రాయించుకుంది. ఆ దులీపే ఆ వేసవిలో అదే భవనంలో అతిథి. రాజ్యం పోయింది. ఆ రాజ్యపు దుస్తులు గెలిచినవాళ్ల పిల్లలకు ఆట అయ్యాయి.

రెండోది 1868లో జూలియా మార్గరెట్ కామెరాన్ తీసింది. ఆమె కలకత్తాలో పుట్టిన దొరసాని. ఎదురుగా ఏడేళ్ల అలెమాయెహు, అబిసీనియా చక్రవర్తి తెవోద్రోస్ కొడుకు. ఆ ఏప్రిల్‌లోనే మక్దలా కోట కూలింది. కూల్చిన సైన్యం బొంబాయి నుంచి వెళ్లింది, అందులో మన సిపాయిలు వేలమంది. తండ్రి తనను తానే కాల్చుకున్నాడు. తల్లి దారిలో చనిపోయింది. పిల్లవాడిని అతని దేశపు బట్టల్లోనే కూర్చోబెట్టారు. సంరక్షకుడు కెప్టెన్ స్పీడీ కూడా అబిసీనియా దుస్తులేసుకుని ఫోటోకి కూర్చున్నాడు.

స్పీడీది వేషం. పిల్లవాడిది లిబాస్. కెమెరా రెంటినీ ఒకే గాటన కట్టింది. కామెరాన్ గొప్ప కళాకారిణి. ఆ పసివాడి కళ్లలో దిగులును ఆమె దాచలేదు, అందుకు శుక్రియా. అయితే దిగులును అందంగా చూసే చూపు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగదు.

రాజకుమారులు ఫోటో అయ్యాక బట్టలు మార్చుకున్నారు. అలెమాయెహు మళ్లీ ఇల్లు చూడలేదు. 1879లో లీడ్స్‌లో పద్దెనిమిదేళ్లకే పోయాడు. విండ్సర్‌లో ఖననం చేశారు. అతని అస్థికలు ఇవ్వమని అడిగితే 2023లో కూడా రాజభవనం కుదరదనే చెప్పింది.

ఇదంతా మాకెందుకంటారా? మా బస్తీ పిల్లాడు టోపీతో బడికెళితే తీసెయ్యమన్నారు. అదే బళ్లో వార్షికోత్సవానికి, జాతీయ సమైక్యత నాటకంలో, ఇంకో పిల్లాడికి అదే టోపీ పెట్టి చప్పట్లు కొట్టారు. ఒకడి తలమీద అభ్యంతరం, మరొకడి తలమీద అలంకారం!

అందుకే ఇలాంటి ఫోటో చూసినప్పుడు పిల్లాడు ముద్దొస్తున్నాడా అన్నది తర్వాత అడుగుదాం. ఆ బట్టలు విప్పి ఇంటికెళ్లే దారి వాడికుందా అని ముందు అడుగుదాం.