పాదలేపమును బర్వతారోహణమును

మహాకావ్యమునందు వర్ణింపఁదగిన విషయములను లెక్కించుచు దండి నగరమును, సముద్రమును, శైలమును వరుసగాఁ జేర్చినాఁడు. ఆ మాట పట్టుకొని మన ప్రబంధకవులు కొండను విడువలేదు. చెప్పవలసినచోటఁ జెప్పిరి, అక్కఱలేనిచోటఁ గూడఁ జెప్పిరి. అమరసింహుఁడు ద్వితీయకాండమున శైలవర్గమును బ్రత్యేకముగాఁ గూర్చి పర్వతమునకుఁ బదుమూఁడు పేళ్లిచ్చెను. చరియకు, నెత్తమునకు, గుహకు, సెలయేటికి వేఱువేఱు పదము లిచ్చెను. ఇట్లు కొండకు సంబంధించిన శబ్దసంపద మనకుఁ గొఱఁత గాదు. కొఱఁత యెక్కడ నన్నచో నెక్కువానియందు. కొండ కలదు, దానిపైఁ జెట్లు కలవు, కిన్నరులు కలరు, మేఘములు కలవు. క్రిందినుండి మీఁదికి నడచిపోయిన మనుష్యుని కాలు మాత్రము కానరాదు.

ఈ విషయమును విచారింపవలసిన యవసరము మనకాలమునఁ గలిగినది. తెలుఁగువారు నిజముగాఁ గొండ లెక్కిరి. నెల్లూరు మండలమున గాంధీజనసంఘ మను పల్లెయందుఁ బుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006వ సంవత్సరము జనవరి 19 మొదలు జూలై 10 వఱకు, 172 దినములలో, ఏడు ఖండముల యందలి యత్యున్నతశిఖరముల నెక్కెను. నిజామాబాదు మండలము పాకాల గ్రామమునకుఁ జెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీని, పదునాలుగేండ్లు నిండకమున్నే, టిబెట్టు వైపునుండి యెవరెస్టు శిఖరమును జేరెను. ఖమ్మము మండలమువాఁడైన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెకుఁ దోడుగా నెక్కెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. తెలంగాణరాష్ట్ర మేర్పడుట కప్పటి కెనిమిది దినములే యుండెను. వీరిని గుఱించి వ్రాఁతలు పుట్టినవి, పుట్టుచున్నవి. ఆ వ్రాఁతలను జదివినపు డెల్ల నాకు మనుచరిత్రము జ్ఞప్తికి వచ్చును. ఏల వచ్చునో చెప్పెదను.

అల్లసాని పెద్దన ప్రవరుఁడు అరుణాస్పదపురమునుండి హిమాలయమునకు నడచిపోలేదు. సిద్ధుఁ డిచ్చిన పాదలేపము పూసికొనెను; అంతలో మంచుకొండపై నుండెను. త్రోవ లేదు, మకాములు లేవు, ఆఁకలి లేదు, కాళ్లనొప్పి లేదు. మఱల నింటికి వచ్చుటయు నడకచేఁ గాదు, అగ్నిదేవుని యనుగ్రహముచేత. ఎక్కుటయు దిగుటయు రెండును గథనుండి తొలఁగింపఁబడినవి. ఇది దోషమని నే ననను. పెద్దనకుఁ గావలసినది వరూధినీప్రవరుల సంవాదము. దానికిఁ బర్వత మొక రంగస్థలము. అంతేకాదు. మంచునీటఁ బసరు కరఁగిపోయి, దారి తెలియక, అగ్నికార్యపు వేళ మించిపోవుచుండఁగా నాతఁడు పడిన తల్లడ మున్నదే, అది నిజముగాఁ గొండలలో దారి తప్పినవాని తల్లడము. లేపము కరఁగిన పిదపనే ప్రవరునకుఁ గాళ్లు మొలచినవి. ఆ ఘట్టమునందలి సత్త్వ మంతయు నా కరఁగుటలో నున్నదని నా యభిప్రాయము. పెద్దన తరువాతివారు లేపమును గ్రహించిరి గాని కరఁగుటను గ్రహింపలేదు.

ఇచ్చట వైయాకరణుల కొక ముచ్చట. గమనార్థకధాతువుల కర్మమునకు ద్వితీయయుఁ జతుర్థియు రెండును రావచ్చునని పాణిని ద్వితీయాధ్యాయమున విధించి, యందొక నియమము పెట్టెను: ఆ గమనము శరీరచేష్టయై యుండవలెను. మనస్సుచేఁ బోవునపుడు ద్వితీయయే గాని చతుర్థి లేదు. ఊరికి నడచిపోవువానికిని, కూర్చున్నచోటనుండి యూరిని దలఁచుకొనువానికిని గల భేదము విభక్తియందుఁ గూడఁ గనఁబడవలెనని యా ముని తలంచెను గాఁబోలు. ఈ లెక్కచొప్పున మన ప్రబంధములలోని కొండప్రయాణములు చాలవఱకుఁ జతుర్థికి నోచుకొననివి. అట్లే యధిత్యకాశబ్దమును జూడుఁడు. కొండ దాపునేల యుపత్యక. ఎక్కి చేరిన మీఁదినేల యధిత్యక. ఈ రెండింటిని సాధించుచు సూత్రకారుఁడు రెండవదానికి ఆరూఢ మను నర్థమును జెప్పినాఁడు. ఎక్కినవాఁ డుండినఁగాని యధిత్యక లేదన్నమాట. మన కావ్యములలో నధిత్యక లడుగడుగునఁ గలవు. ఎక్కినవాఁ డెవఁడో తెలియదు.

ఐనను మన వాఙ్మయమున నెక్కినవారే లేరనుట సాహసము. మార్గకవులను విడిచి దేశికవులయొద్దకుఁ బోవలెను. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునఁ బర్వతప్రకరణ మని శ్రీశైలమునకై యొక ప్రకరణమునే యుంచెను. శివరాత్రికిఁ బోవు జనుల సందడియు, వారి పాటలును, ఆటలును నందుఁ గలవు. తుమ్మెదపదములు, పర్వతపదములు, వెన్నెలపదములు అను పాటల పేళ్లు మనకుఁ దెలియుట యాతని చలువచేతనే. దారిపాట కొండ యెక్కువానికి ఊఁతకఱ్ఱ వంటిది. దానిని లెక్కపెట్టిన కవి జనులతో నడచిన కవి.

అంతకంటెను జెప్పఁదగినది తాళ్లపాక చిన్నన్న యన్నమాచార్యచరిత్రము. ఈ ద్విపదకావ్యమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరింపఁగాఁ దిరుమల తిరుపతి దేవస్థానమువారు 1949లోఁ బ్రకటించిరి. బాలుఁడైన యన్నమయ్య యాత్రికులతోఁ గలసి తిరుపతి చేరి కొండ యెక్కుచున్నాఁడు. మోఁకాళ్లముడుపు వచ్చునప్పటి కాఁకలిగొని, బడలి, త్రోవ తెలియక, వెదురుపొదక్రిందఁ జెప్పులతోడనే పడి నిద్రించెను. అలమేలుమంగ ముత్తైదువ రూపమున వచ్చి, యిది సాలగ్రామమయమైన కొండ గావునఁ జెప్పులు విడిచి యెక్కుమని చెప్పి ప్రసాదము పెట్టెను. భక్తులు దీనిని దేవీకటాక్షముగాఁ జదువుదురు, సరియే. విమర్శకుఁడు చూడవలసినది మఱియొకటి. ఇందు మోఁకా లున్నది, చెప్పున్నది, ఆఁకలి యున్నది, నడిదారిని నిద్దుర యున్నది. స్థలము పేరే మనుష్యుని యవయవమునుబట్టి వచ్చినది! పాదలేపమునకుఁ జెప్పునకు నెంత దూరమో, యీ విషయమున మనుచరిత్రమున కీ ద్విపదకు నంత దూరము. కవిత్వమునఁ బెద్దన మిన్న. దానికి వాదము లేదు. కొండ యెక్కినది మాత్రము చిన్నన్న.

గద్యమున నేనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర యొకటి కలదు. ఆయన 1830 మే 18న జెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరు 3న మఱలఁ జేరినాఁడు. శ్రీశైలమునకు ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెఱువు, భీమునికొలను మీఁదుగాఁ బోయిన దారిని మకామువెంట మకాముగా వ్రాసినాఁడు. నావంటివాని చెవికి గ్రుచ్చుకొను ప్రయోగములు పుటపుటకు నున్నవి. బాలవ్యాకరణ మప్పటికిఁ బుట్టలేదు గనుక నాయనను దూఱుట న్యాయము గాదు. పల్లకిలోఁ బోయినవాఁడు గావున నెక్కిన కాళ్లు బోయీలవి. ఆ కాళ్లు మాటలాడిన నెట్లుండెడిదో యని చదువునపు డెల్ల ననిపించును.

ఇఁక నిప్పటి వ్రాఁతలు. పూర్ణయు ఆనందును దిరిగివచ్చినది మొదలు పత్రికావ్యాసములు, సన్మానపత్రములు, పద్యములు వెల్లివిరిసినవి. వానిలో నేను జదివినవి కొన్ని, మా పట్టణపు సభలలో వినినవి కొన్ని. విశేషణములు లెక్కకు మిక్కిలి. క్రియలు మూఁడే: అధిరోహించెను, జయించెను, లొంగఁదీసెను. జయించుటకు నెదిరి కావలెను. కొండ యెదిరింపలేదు, ఓడలేదు, మఱునాఁడును నక్కడనే యున్నది. లొంగఁదీసె ననుట మఱియు నన్యాయము. అధిరోహించె ననుటలో శబ్దదోష మేమియు లేదు. కాని సింహాసనమును నధిరోహింతురు, రథమును నధిరోహింతురు, గుఱ్ఱమును నధిరోహింతురు. ఒక యుపసర్గ, ఒక ధాతువు, ఒక ప్రత్యయము. అంతలో 8848 మీటర్లు ముగిసినవి. నేఁటి పాదలేప మిదియే.

లేపముక్రిందఁ గప్పఁబడిన దేమో చూడుఁడు. భువనగిరికోట యున్న బండ యొక్కటే రాయి. ఐదువందల యడుగులకు మించిన యెత్తు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర నా కోట ప్రసిద్ధము. ఎండకుఁ గాలిన యా బండమీఁద నీ పిల్లలు త్రాళ్లు పట్టుకొని యెక్కుటయు దిగుటయు నేర్చిరి. పిదప డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణసంస్థయందుఁ దర్ఫీదు పొందిరి. ఎండదేశపు పిల్లలు, మంచును బొమ్మలలోఁ జూచినవారు, మంచుపై నడక నక్కడ నేర్చుకొనిరి. డబ్బాలలోని యాహారపు వాసన తనకుఁ బడలేదనియు, దారిలో శవములను జూచి భయపడితిననియుఁ బూర్ణయే పలుమాఱులు చెప్పినది. ఈ రెండు మాటలు నూఱు సన్మానపత్రముల పెట్టు. పదుమూఁడేండ్ల పిల్ల మంచులోఁ బడియున్న మృతుల ప్రక్కనుండి నడచి మీఁదికిఁ బోయినది. మఱల నా ప్రక్కనుండియే దిగివచ్చినది. కవికి నింతకంటె వస్తు వేమి కావలెను? మనవారు దీనిని సాహస మను నొక్క పదమున దాఁటిరి. ఆమె కథ 2017లో హిందీభాషలోఁ జలనచిత్ర మయ్యెను. తెలుఁగున మనము పద్యములు చెప్పితిమి.

మా సిద్దిపేట చుట్టుపట్లఁ బెద్ద పర్వతములు లేవు గాని గుట్ట లున్నవి. కొమురవెల్లి మల్లన్న గుట్టపైనే, వర్గల్లు సరస్వతియు గుట్టపైనే. ఎక్కుట యిచ్చటి పిల్లలకుఁ గొత్త గాదు. భువనగిరి బండ యెక్కివచ్చిన కొందఱు బాలురచేత నొకమాఱు నే నా సంగతి వ్రాయించితిని. అందఱును గగనచుంబిశిఖర మనియుఁ బ్రకృతిరామణీయక మనియు మొదలుపెట్టిరి. పాఠ్యగ్రంథములు నేర్పిన దదియే. కాగితములు ప్రక్కనుంచి నోటితోఁ జెప్పుఁ డంటిని. మాట మాఱినది. ఒకఁడు బండ సుఱసుఱ కాలిన దనెను. ఒకఁడు దొనలో నీళ్లకు నాఁచు పట్టియుండఁగా దప్పితోనే దిగితి ననెను. ఒకఁడు దిగునపుడు క్రిందికిఁ జూచి, గుండుచాటునఁ గూర్చుండి యేడ్చినాఁడఁట. తక్కినవారు నవ్విరి, వాఁడును నవ్వెను. వారి నోట బండ వేఱు, గుండు వేఱు. బండ పఱచుకొని యుండును, గుండు విడిగా నిలుచును. కాలు పెట్టువాని కా భేదము ప్రాణమంతటిది. మన వచనమున రెండును శిల యైపోవును. అమరములోని ప్రపాత భృగు సాను ప్రస్థ శబ్దములును గాలితో నడచినవారు చేసికొన్న భేదములే యై యుండవలెను. మనము వానిని బర్యాయములుగా వల్లించి పాదపూరణములకు వాడుకొంటిమి.

అన్నిటికంటెఁ బెద్దలోపము దిగుటను జెప్పకుండుట. సంగీతజ్ఞులు ఆరోహణముతో నవరోహణమును దప్పక చెప్పుదురు. కొండయందు మనకు మొదటిదే చాలును. దిగుటయందే ప్రమాదము హెచ్చని కొండ లెక్కువారందఱు నెఱుఁగుదురు. బలము పైకిఁ బోవుటలో ఖర్చయి యుండును, మనస్సు పని యైపోయిన దనుకొనును. మన యిండ్లలో దీప మాఱిన దనరు, కొండెక్కిన దందురు. అంగడిలో ధరలు గొండెక్కును. రెంటియందును మఱల దిగుట యను తలంపు లేదు. నుడికారమే యిట్లుండఁగా సన్మానపత్రముల ననుట యేల?

మస్తాన్ బాబు కథలో నీ లోపము స్పష్టముగాఁ దెలియును. కోరుకొండ సైనికపాఠశాలలోఁ జదివిన ఉదయభాస్కరరావు 1985లో నెవరెస్టు యాత్రయందు మరణించెను. అదే పాఠశాలలోఁ బిదపఁ జదివిన మస్తాన్ బాబునకు నాతని విగ్రహమే కొండలమీఁదఁ బుద్ధి పుట్టించినదందురు. అనఁగా దిగిరాని యొకనిఁ జూచి యెక్కనేర్చినవాఁడు. శిఖరములు సాధించి, పలుమాఱులు దిగివచ్చి, 2015 మార్చి చివర అర్జెంటీనా చిలీ దేశముల సరిహద్దున ఆండీసు పర్వతములలో ట్రెస్ క్రూసెస్ అను కొండకు నొంటరిగాఁ బోయెను. ఏప్రిలు మొదట నాతని శవము కనఁబడినది. అప్పుడు వచ్చిన స్మృతివ్యాసములలో 172 దినముల లెక్క యున్నది, అమరుఁ డను పద మున్నది. ఒంటరిగాఁ బోవుటకుఁ గారణ మేమి, గాలి యెట్లుండెను, వెనుకకు మరలవలసిన వేళ యేది యను ప్రశ్నలు నా చదివినవానిలోఁ గానరావు. ప్రాణము పోయినచోట నీ ప్రశ్నలు వేయుట యమర్యాద యని కొంద ఱందురు. ఏడు శిఖరము లెక్కినవానికి దిగుట తెలియకపోదు. ఏమి జరిగినదో యడుగుటయే యాతని నేర్పునకు మర్యాద యని నే ననుకొందును.

పూర్ణ 2022 జూన్ మాసమున దెనాలి యెక్కి ఏడు ఖండముల శిఖరములను ముగించినది. ఆనందును యౌవనమున నున్నాఁడు. వీరిచేఁ దెలుఁగున వ్రాయింపవలెను. వ్రాయ నొల్లనిచోఁ జెప్పించి యెవరైన వ్రాసికొనవలెను. ఎక్కిన దారికంటె దిగిన దారిని బ్రత్యేకముగా నడుగవలెను. ఆ ప్రతి పరిష్కర్తల చేతికి వచ్చినపుడు సంధులు సవరింపవచ్చును, అరసున్నలు పెట్టవచ్చును. బండను శిలాతలముగను, చెప్పును బాదరక్షగను దిద్దవలదని మనవి.