‘లూసిడ్’ అను మాట – శాస్త్ర రచనలో తేటదనము

ఇంగ్లీషు శాస్త్ర గ్రంథములపై వచ్చు సమీక్షలలో ‘లూసిడ్’ అను విశేషణము తరచుగా కనుపించును. గ్రంథకర్త వివరణ లూసిడ్‌గా ఉన్నదనినచో అంతకు మించిన మెప్పు లేదని భావించుట పరిపాటి. మన సమీక్షకులు ఆ మాటకు బదులుగా ‘స్పష్టముగా ఉన్నది’ అనియు, ‘సులభశైలిలో ఉన్నది’ అనియు వ్రాయుచుందురు. ఈ రెండును ఒకటే అన్నట్లు వాడుటయు కలదు. మాట చిన్నదే. కాని శాస్త్ర రచన నుండి మనము కోరవలసిన గుణమేది అను ప్రశ్న దీనిలో ఇమిడియున్నది. తేలికగా ఉన్నదానినెల్ల తేటగా ఉన్నదని మెచ్చుకొనుట అలవాటైనచో, తప్పు సంగతి కూడ హాయిగా చదువరి మనస్సున చోటు చేసికొనును. అట్లు కుదురుకొన్న తప్పును తరువాత పెకలించుట కష్టము. అందుచే ఈ విశేషణమునకు అర్థమేమి, శాస్త్రములలో దాని వాడుక ఎట్టిది, తెలుగున దానికి తగిన మాటలేవి, ఏ రచనకు ఆ మెప్పు చెల్లును అను విషయములను ఇచట విచారింతము.

మాట పుట్టుక

లాటిన్ భాషలో ‘లక్స్’ అనగా వెలుగు. ఆ కుదురునకు చెందిన ‘లూసిడస్’ అను పదమునకు వెలుగు గలది, ప్రకాశించునది అని అర్థము. 16వ శతాబ్ది చివర ఇంగ్లీషులో ప్రవేశించినప్పుడు ‘లూసిడ్’ అనునది ఈ అర్థముననే వాడబడినది. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువున కూడ ప్రకాశించునది అనునదే మొదటి అర్థము. వెలుగును తనగుండ పోనిచ్చునది అనునది రెండవది. బుద్ధి ప్రకాశము గలది, ఉన్మాదపు చీకటి క్రమ్మనిది అనునది దాని తరువాతిది. వచనమును మెచ్చుకొనుటకు ఈ మాటను వాడుట ఆ పిమ్మట వ్యాపించినది. అనగా వెలుగు నుండి నైర్మల్యమునకు, నైర్మల్యము నుండి తెలివికి, తెలివి నుండి వాక్యమునకు ఈ మాట నడచి వచ్చినది. ఈ నడకలో ‘తేలిక’ అను మజిలీ లేదు.

ఇదే కుదురునకు చెందిన ‘ట్రాన్స్‌లూసెంట్’ అను మాటను భౌతికశాస్త్రము వేరుగా వాడును. గాజుపలక గుండ చూచినచో అవతలి వస్తువు రూపము కనుపించును, అది పారదర్శకము. నూనె రాచిన కాగితము వెలుగును పోనిచ్చును గాని రూపమును చూపదు. లోపల ప్రవేశించిన వెలుగు నానా దిశలకు చెదరిపోవుటయే దీనికి కారణము, అది పారభాసకము. ఈ భేదము రచనకు కూడ వర్తించును. కొన్ని వ్యాసములు చదువుచున్నంతసేపు వెలుగుగానే ఉండును. పుస్తకము మూసిన పిమ్మట మాత్రము చెప్పిన వస్తువు రూపమేమో గుర్తునకు రాదు. అట్టివి నూనె కాగితములు. వానిని గాజుపలకలని మెచ్చుకొనరాదు.

శాస్త్రములలో వాడుక

శరీరశాస్త్రమున అరచేతిలోను అరికాలిలోను గల దళసరి చర్మమునకు ‘స్ట్రాటమ్ లూసిడమ్’ అను పొర ఒకటి కలదు. అందలి కణములలో కేంద్రకములుండవు. సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు అది నిగనిగలాడు తేట పట్టీవలె కనుపించును. దీనిని ‘స్పష్టమైన పొర’ అనిన అర్థము చెడును. అన్ని పొరలలో అదియే బాగుగా కనుపించునని ఆ మాటకు భావము వచ్చును. ‘తేట పొర’ అనుట సరి.

వైద్యశాస్త్రమున ‘లూసిడ్ ఇంటర్వల్’ అను మాట ప్రాణముతో ముడిపడినది. తలకు దెబ్బ తగిలి కణత ఎముక చిట్లినప్పుడు, దాని లోపలివైపున ఉండు ధమని తెగి, పుర్రెకును మెదడు పైపొరకును నడుమ రక్తము చేరవచ్చును. ఇట్టివారిలో కొందరికి దెబ్బతో స్పృహ తప్పి, కొలది సేపటికి తెలివి వచ్చును. వారు మాటలాడుదురు, లేచి నడచుదురు. లోపల మాత్రము రక్తము గూడుకట్టి మెదడును నొక్కుచుండును. కొన్ని గంటలలో మరల స్పృహ తప్పును. వెంటనే శస్త్రచికిత్స జరుగనిచో ప్రాణము దక్కుట కష్టము. నడుమ గల ఆ కొద్ది కాలమే లూసిడ్ ఇంటర్వల్. దీనిని ‘కోలుకొన్న కాలము’ అనియో ‘స్వస్థత’ అనియో తెనిగించినచో, చదువరి రోగి బాగుపడెనని తలచును. ఆసుపత్రికి పోవలసిన వేళ ఇంటికి పోవును. ‘నడిమి తెలివి’ అనినచో ముందును వెనుకను తెలివి లేదని ఆ మాటయే హెచ్చరించును.

న్యాయశాస్త్రము కూడ ఇట్టి నడిమి తెలివిని గుర్తించినది. సాధారణముగా మతి స్థిమితము లేనివాడు, మతి స్థిమితముగా ఉన్న సమయమున ఒప్పందము చేసికొనవచ్చునని 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 12వ విభాగమున ఉన్నది.

ఇక ‘లూసిడ్ డ్రీమ్’ అను మాట. దీనిని 1913లో డచ్చి వైద్యుడును రచయితయు నగు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ ప్రచారమునకు తెచ్చెను. దీనిని ‘స్పష్టమైన కల’ అనుట మిక్కిలి పొరబాటు. కల ఎంత స్పష్టముగా ఉన్నను అది లూసిడ్ కల కానక్కరలేదు. కలగనుచున్నవాడు తాను కలగనుచున్నానని ఎరిగియుండుటయే దీని లక్షణము. ఇంగ్లాండున 1975లో కీత్ హెర్న్, పిమ్మట అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ చేసిన పరిశోధనలలో, నిద్రించుచున్నవారు ముందుగా ఒప్పుకొన్న రీతిగా కనుగ్రుడ్లను అటునిటు కదపి, ఆ ఎరుకను కల నడుమ నుండియే తెలియజేసిరి. ఇచట స్పష్టత దృశ్యమునకు కాదు, చూచువానికి. కనుక ‘ఎరుక గల కల’ అనవలెను.

తెలుగున గల సంపద

పై వాడుకలన్నిటికి ‘స్పష్టము’ అను ఒక్క మాట చాలదని తేలుచున్నది. అట్లని క్రొత్త మాటలు కల్పింప నవసరము లేదు. లాటిన్ మాట నడచిన దారిలోనే మన మాటలును నడచినవి. తెలి అనగా తెల్లనిది, నిర్మలమైనది. తెల్లవారుట వెలుగు వచ్చుట. తెలుపు అనునది రంగునకు పేరు. తెలియజేయుట అను క్రియయు అదియే. తెలియుట జ్ఞానము. తెలివి బుద్ధికి పేరు. తెలివి తప్పినది, తెలివి వచ్చినది అనినప్పుడు అదియే స్పృహ. తేరుట అను మాటను చూడుడు. కలక నీటికి చిల్లగింజ అరగదీసి కలిపినచో మడ్డి అడుగునకు దిగి నీరు తేరును. మూర్ఛపోయినవాడు తేరుకొనును. నీటికిని మనస్సునకును ఒక్క మాటయే. ఇంగ్లీషువాడు లాటిన్ నుండి తెచ్చుకొన్నది మన పల్లెలలో బిందె దగ్గరనే ఉన్నది.

రచన గుణమును చెప్పుటకును మనకు మాటల కొరత లేదు. ఆలంకారికులు ప్రసాదగుణమును వేరుగా ఎంచిరి. ఎండుకట్టెను అగ్నివలె, తేటనీటివలె వెంటనే మనస్సును వ్యాపించునదని మమ్మటుడు దానికి పోలిక చెప్పెను. దండి ప్రసాదముతోపాటు అర్థవ్యక్తి అను మరియొక గుణమును పేర్కొనెను. అర్థమును పూరించుకొనుటకు బయటినుండి ఏదియు తెచ్చుకొన నక్కరలేకుండుట దాని లక్షణము. శాస్త్ర రచనకు ఈ రెండవది మరింత ముఖ్యము. ప్రసాదము మాత్రమే ఉండి అర్థవ్యక్తి లేని వ్యాసము చదువుటకు ఇంపుగా ఉండును. నడుమ ఒక మెట్టు లోపించిన సంగతి చదువరికి తెలియదు.

తేలిక వేరు, తేట వేరు

ఇందులకు సముద్రపు రంగు కథ చక్కని నిదర్శనము. ఆకాశము నీలముగా ఏల ఉండునో 1871లో గణితపూర్వకముగా నిరూపించిన మహాశాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ. సముద్రపు నీలిమకు నీటి స్వంత వర్ణముతో పని లేదనియు, అది ఆకాశపు నీలిమ ప్రతిఫలించుటయే యనియు ఆయన 1910లో అభిప్రాయపడెను. ఆ వివరణ ఒక్క వాక్యమున ఇమిడినది. పిల్లవానికి కూడ బోధపడునది. అంతకంటె తేలికైన వివరణ ఉండదు. 1921లో సి. వి. రామన్ ఇంగ్లాండు నుండి ‘నార్కుండా’ అను ఓడపై తిరిగి వచ్చుచు దానిని శంకించెను. ఆయన ఉపయోగించినది ఒక చిన్న నికోల్ పట్టకము. లంబమునకు సుమారు 53 డిగ్రీల కోణమున నీటిపై పడి పరావర్తనము చెందిన వెలుగు ఒకే తలమున కంపించును. దానిని ధ్రువిత కాంతి యందురు. పట్టకమును తగినట్లు త్రిప్పినచో ఆ పరావర్తిత కాంతి కంటికి రాకుండ ఆగిపోవును. రేలీ చెప్పినది నిజమైనచో అప్పుడు నీలిమ కూడ పోవలెను. కాని నీలిమ పోలేదు. మరింత చిక్కనై కనుపించెను. ఆ రంగు నీటి లోపలినుండియే వచ్చుచున్నదని తేలినది.

ఇచట విమర్శకుడు గమనింపవలసినది ఒకటి కలదు. రేలీ వాక్యము తళతళలాడుచున్నది, కాని ఆ తళతళ పైపొరది. రామన్ చేసిన పని ఆ పైమెరుపును తొలగించి లోతును చూచుట. నీటిలోని అణువులు వెలుగును వెదజల్లుటయే నీలిమకు కారణమని రామన్ వివరించెను. నీరు ఎరుపు కిరణములను శోషించుకొనుటయే దానిలో ప్రధానమని, వెదజల్లబడిన వెలుగు దానికి తోడై మన కంటిని చేరునని నేడు తెలిసినది. కావున ఈ కథలో ఏ ఒక్క వాక్యమును చివరి వాక్యము కాలేదు. ఈ సంగతిని కూడ దాచక చెప్పిన రచనయే తేటయైన రచన. ‘రామన్ రేలీని ఓడించెను’ అని ముగించినది తేలిక మాత్రమే.

తేటదనమునకు ఫారడే ఉపన్యాసములు ఒరవడి. 1860–61 శీతకాలమున లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బాలబాలికల కొరకు ఆయన క్రొవ్వొత్తిపై ఆరు ఉపన్యాసములిచ్చెను. విలియం క్రూక్స్ సంపాదకత్వమున అవి 1861లో పుస్తకముగా వెలువడినవి. క్రొవ్వొత్తి మండినప్పుడు నీరు పుట్టునని చెప్పి ఆయన ఊరకుండలేదు. మంచు, ఉప్పు కలిపి పోసిన పాత్రను జ్వాలపై ఉంచి దాని అడుగున నీటి బొట్టును కట్టించెను. ఆ బొట్టు నీరే అని పొటాషియముతో రుజువు చేసెను. చివరకు మన శ్వాసక్రియయు ఒక విధమైన దహనమేనని చూపెను. విషయము తేలిక కాదు. రసాయనశాస్త్రమున సగభాగము అందులో ఉన్నది. అయినను ఒక మెట్టు నుండి మరియొక మెట్టునకు పోవునప్పుడు చదువరి కాలు గాలిలో ఉండదు.

తేటదనము ఎల్లప్పుడు సాధ్యమా అని అడుగవచ్చును. న్యూటన్ తన ‘ప్రిన్సిపియా’ మూడవ భాగమును మొదట జనసామాన్యమునకు తెలియు రీతిలో వ్రాసెను. మూల సూత్రములను గ్రహింపనివారు వ్యర్థ వివాదములకు దిగుదురని తలచి, దానిని గణిత ప్రతిపాదనలుగా మార్చి 1687లో ప్రకటించెను. ఈ సంగతిని ఆయనయే ఆ భాగపు ఆరంభమున చెప్పియున్నాడు. ఆయనయే 1704లో ‘ఆప్టిక్స్’ను ఇంగ్లీషున, ఒక్కొక్క ప్రయోగమును కన్నులకు కట్టినట్లు వర్ణించుచు వెలువరించెను. కనుక కష్టమైన గ్రంథమును లూసిడ్ కాదని త్రోసివేయుటయు తొందరపాటే. గణితము నేర్చినవానికి ప్రిన్సిపియాలో చీకటి లేదు. గాజు స్వచ్ఛముగా ఉన్నను, చూచుటకు కన్ను కూడ ఉండవలెను గదా!

మెప్పునకు కొలత

ఈ విశేషణము పేరున వెలసిన పరికరము ఒకటి కలదు. ఇంగ్లాండున విలియం హైడ్ వొలాస్టన్ 1806లో హక్కు పొందిన ‘కెమేరా లూసిడా’ అది. నాలుగు పలకల చిన్న గాజు పట్టకము గుండ చూచినచో ఎదుటి దృశ్యము కాగితముపై పడినట్లే కనుపించును. నిజమునకు కాగితముపై ఏమియు పడదు. బొమ్మ చూచువాని కంటిలోనే ఉన్నది. 1833లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున ఫాక్స్ టాల్బట్ దీనితో బొమ్మలు గీయబోయి, పట్టకము నుండి కన్ను తీయగానే కాగితముపై మిగిలిన పిచ్చిగీతలను చూచి నిరాశ పడెను. ప్రకృతి తన బొమ్మను తానే గీసికొనునట్లు చేయవచ్చునా అని ఆయన ఆలోచించుటకు అదియే కారణమైనది. ఆ ఆలోచన ఛాయాచిత్రకళకు దారి తీసినది.

మంచి శాస్త్ర రచన కెమేరా లూసిడా వంటిది. అది వస్తువును చదువరి కంటికి సరిగా తెచ్చి పెట్టును. గీయవలసిన చేయి చదువరిది. గీసికొనలేకపోయినచో ఆ చూచినది నిలువదు. కావున సమీక్షకుడు ఒక గ్రంథమును తేటగా ఉన్నదనుటకు ముందు దానిని మూసి, అందలి ఒక అధ్యాయమును తన మాటలలో చెప్పి చూచుకొనవలెను. ఎచట ఆగిపోయెనో అచట తప్పు తనదా, గ్రంథకర్త విడిచిన మెట్టుదా అని వెదకవలెను. తెలిసినది ఎంతవరకు, ఊహ ఎచటినుండి అను హద్దును గ్రంథకర్త చూపెనా అని అడుగవలెను. ఈ పరీక్షకు నిలిచిన పుస్తకము కష్టమైనదైనను తేటయైనదే. నిలువనిదానిని ‘సులభముగా ఉన్నది’ అని మాత్రమే వ్రాయుదము. అది అబద్ధము కాదు; కాని మెప్పును కాదు.