ప్లగ్గు పీకినంత మాత్రాన

మిర్చి యార్డు కొట్ల నుంచి రిపేరుకు వచ్చే కంప్యూటర్లను చూడగానే గుర్తుపట్టొచ్చు. లోపలి పవర్ సప్లై డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొడి మేట వేసి ఉంటుంది. దగ్గరగా వంగితే తుమ్ములు ఆగవు. జిన్నింగు మిల్లుల నుంచి వచ్చేవాటిలో దూది పీచు. ఏదైతేనేం, గాలాడదు. గుంటూరు ఎండకు లోపలి వేడి తోడై కెపాసిటర్లు ఉబ్బిపోతాయి. ఒకరోజు బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు.

‘కొత్తదెందుకన్నా, ఓసారి విప్పి చూడు’ అంటారు. విప్పడానికి నాలుగు స్క్రూలే. బ్రాడీపేట, అరండల్‌పేట షాపుల్లో పని నేర్చుకునే కుర్రాళ్లు ఆ స్క్రూలు తిప్పుతుంటే నాకు గుండె దడ. పనిచేసే డబ్బాకన్నా పాడైన డబ్బాయే ఒక్కోసారి ఎక్కువ ప్రమాదమని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

సాకెట్లో వచ్చేది 230 వోల్టులు. బ్రిడ్జి డయోడ్లు దాటాక అది దాదాపు 325 వోల్టుల డీసీగా పెద్ద కెపాసిటర్లలో నిల్వ ఉంటుంది. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే సర్క్యూటు) ఉన్న రకాల్లో 390 దాకా పోతుంది. బాగున్న సప్లైలో ప్లగ్గు పీకితే, మిగిలిన నిల్వలో చాలావరకు సర్క్యూటే వాడేస్తుంది. స్విచ్చింగు భాగమే చచ్చిపోతే వాడుకునేదెవరు? ఆ నిల్వను దించడానికి పెట్టే బ్లీడర్ రెసిస్టర్ తెగిపోయిందంటే ఛార్జ్ చాలాసేపు అక్కడే కూర్చుంటుంది. 330 మైక్రోఫారడ్ల కెపాసిటర్లో 390 వోల్టుల దగ్గర 25 జౌళ్ల శక్తి ఉంటుంది. ఆ కరెంటు ఒక చేతి నుంచి రెండో చేతికి గుండె మీదుగా పారితే ప్రాణం మీదికొస్తుంది.

మన పల్లెల్లో లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి. సబ్‌స్టేషన్లో లైను ఆపేశారని తెలిశాక కూడా తీగలకు డిశ్చార్జ్ రాడ్లు తగిలించి భూమికి కలపాలి. ఆపేశాం అన్న మాటను నమ్మి చెయ్యి పెట్టకూడదన్నదే ఆ పద్ధతి. రిపేరు బల్ల మీదా నేను కోరేది అదే.

స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. మూత తీశాక బోర్డును వేలితో తాకొద్దు. కొన్నిటిలో హీట్‌సింకు కూడా మెయిన్స్ వైపే కలిసి ఉంటుంది. 2.2 కిలో ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు మంచి ఇన్సులేషన్ ఉన్న వైర్లు, ప్రోబులు కట్టుకుని కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య పది సెకన్లు పట్టాలి. తర్వాత మల్టీమీటర్‌ను పెద్ద డీసీ రేంజిలో పెట్టి చూడాలి. కాసేపాగి మళ్లీ చూడాలి, దిగిన వోల్టేజి కొంచెం పైకి లేస్తుంది కాబట్టి. మీటరే పాడైతే సున్నా చూపించొచ్చు, అందుకని ముందు ఒక బ్యాటరీ మీద దాన్ని పరీక్షించుకోవాలి.

కెపాసిటర్ కాళ్లను స్క్రూడ్రైవర్‌తో కలిపి ‘ఠప్’మనిపించే అలవాటు మన షాపుల్లో ఇంకా ఉంది. మొన కరిగి గుంటపడిన స్క్రూడ్రైవర్లు చూశాను. ఆ నిప్పురవ్వ కంట్లో పడొచ్చు. దయచేసి మానండి. మీటరూ రెసిస్టరూ లేనివాళ్లు, ఇంట్లో సరదాగా విప్పేవాళ్లు అసలు విప్పకండి. కొత్తది కొనుక్కోండి.

రిపేరయ్యాక మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టండి. ఒక్కసారి మెరిసి తగ్గితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఇంకా ఉన్నట్టే. అప్పుడు మళ్లీ ప్లగ్గు పీకి, రెసిస్టర్ పట్టి, మీటర్ చూశాకే చెయ్యి పెట్టండి.